ఖాజాగూడ అక్క అడగాలనుకున్న మాట

మా కాకినాడలో ఎవరైనా హైదరాబాదు వెళ్లొచ్చారంటే ముందు బిరియానీ గురించి అడుగుతారు, తరవాత ట్రాఫిక్ గురించి. ఈసారి నన్నూ అవే అడిగారు. బిరియానీ తినలేదన్నాను. ట్రాఫిక్ ఉందన్నాను. మిగిలింది చెప్పబోతే మాట పెగల్లేదు. అందుకే కాగితం మీద పెడుతున్నాను.

నాది నెల జీతం లేని పని. పత్రికలకు, వెబ్‌సైట్లకు, అప్పుడప్పుడు కంపెనీలకు ఫోటోలు, చిన్న వీడియోలు తీసి ఇస్తాను. ఈ మధ్యనే కోరింగ మడ అడవుల్లో పీతలు పట్టేవాళ్ల వెంట మోకాలి లోతు బురదలో తిరిగాను. ఆ బురద గోళ్లలోంచి పోకముందే ఒక నగల కొట్టుకు ముక్కుపుడకలు తీశాను. ఏ పనికి ఏ పనితోనూ సంబంధం ఉండదు. హైదరాబాదులో ఈసారి ఒకేసారి నాలుగు దొరికాయి. అద్దాలు తయారుచేసే ఒక కంపెనీకి హైటెక్ సిటీలో కొత్త భవనం ఫోటోలు. ఒక మాసపత్రికకు ఖాజాగూడ బండరాళ్లు. ఒక వెబ్‌సైటుకు నిజాంపేట హాస్టళ్ల వంటల మీద వీడియో. చివరగా అదే వెబ్‌సైటుకు హఫీజ్‌పేట్ స్టేషన్లో పొద్దుటి జనం ఫోటోలు. ఉన్నవాటిలో చవక అని హఫీజ్‌పేట్‌లోనే గది తీసుకుని దిగాను.

హైటెక్ సిటీ

హఫీజ్‌పేట్‌లో లోకల్ రైలెక్కితే తరవాతి స్టేషనే హైటెక్ సిటీ. పెట్టెలో అందరి మెడల్లోనూ తాళ్లు, తాళ్లకు కార్డులు. మా ఊళ్లో మెడలో కార్డుతో తిరిగితే ఎవరో పెద్ద ఆఫీసరు తనిఖీకి వచ్చాడనుకుంటారు. ఇక్కడ అది లేనిదాన్ని నేనొక్కదాన్నే.

భవనం దగ్గర సెక్యూరిటీ ఆయన నా మూడు కాళ్ల స్టాండును చూసి ఆపేశాడు. కెమెరాకు అనుమతి ఉందట, స్టాండుకు లేదట. ఫోన్లు తిరిగి తిరిగి అనుమతి వచ్చేసరికి ఎండ నడినెత్తికొచ్చింది. అద్దాల మీద పడ్డ వెలుగు కళ్లలోకి కొడుతుంటే కాసేపు తీసి, ఆకలేసి, భవనం వెనక సందులోకి వెళ్లాను.

అక్కడ పెద్ద గొడుగు కింద ఒకావిడ జొన్న రొట్టెలు చేస్తోంది. యాభై దాటి ఉంటుంది. ముద్దను అరచేతుల మధ్య తట్టి తట్టి పెనమంత చేస్తోంది. బండి చుట్టూ కార్డుల వాళ్లు, చేతుల్లో కాగితం ప్లేట్లతో. మావైపు జొన్నలంటే పావురాలకు చల్లడానికే. ఇక్కడ షుగరున్న ఇంజనీర్లు వాటికోసం వరసలో నిలబడుతున్నారు. రొట్టె ఇరవై రూపాయలు, పక్కన గోంగూర పప్పు, పచ్చిమిరపకాయల కారం. మొదటి ముక్కకే నా కళ్లలో నీళ్లొచ్చాయి.

"నీళ్లు తాగు మేడం. ఏ ఊరు?" అంది ఆవిడ నవ్వి.

"కాకినాడండి."

"అండి అన్నప్పుడే అనుకున్న. నాకు గంత మర్యాద వద్దు. అనసూయ అంటరు నన్ను."

"అయితే నన్నూ మేడం అనొద్దక్కా," అన్నాను.

చేతుల మధ్య తిరుగుతున్న రొట్టెను ఫోటో తీయనా అని అడిగాను. తీసుకోమంది. ఒకటి రెండు ముఖం కూడా వచ్చేలా తీశాను. చూపిస్తే, "ఓయమ్మా, ముసలిదాన్నైపోయిన," అని మూతి తిప్పుకుంది. రేపు ఎక్కడ తీస్తావని మాట వరసకు అడిగింది. ఖాజాగూడలో బండలు అన్నాను.

ఆమె చేతులు ఆగిపోయాయి. పెనం మీద రొట్టె మాడిన వాసన వచ్చేదాకా కదల్లేదు.

"నా పుట్టిల్లు గదే," అంది, మాడినదాన్ని తీసి పక్కన పడేస్తూ.

"దగ్గరే కదా. వెళ్తుంటారా?"

"పోను."

తిన్నదానికి డబ్బులిచ్చాను. చిల్లర ఇస్తూ ఆవిడే గొంతు తగ్గించింది. "కిరాయి గదుల చంద్రమ్మ అని అడుగు. మా అక్క. బండల మీదికి తొవ్వ ఆమెనే చూపిస్తది. మంచిగున్నదో లేదో జర చూసి వచ్చి చెప్పు. నేను పంపిన అని మాత్రం అనకు."

ఖాజాగూడ

మావైపు నేల మెత్తన. తవ్వితే ఇసుకో, బురదో. రాయి కావాలంటే లారీలో రావాలి. ఖాజాగూడలో నేలే రాయి. గుట్టల మీద ఏనుగంత బండ మీద ఏనుగంత బండ, ఎవరో పెట్టి మరిచిపోయినట్టు. వాటి వెనకాలే ఆర్థిక సంస్థల మేడలు, మేడల మీద క్రేన్లు. ఊరు వీటి మధ్య ఇరుక్కుని ఉంది.

కిరాయి గదుల చంద్రమ్మ ఇల్లు కనుక్కోవడం తేలికే అయింది. నేను వెళ్లేసరికి ఆవిడ మేడ మీద అద్దెకున్న కుర్రాళ్లను నీళ్ల గురించి కేకలేస్తోంది. "మోటరు బందు చెయ్యరా నాయనా! చదువుకున్నరు గానీ ట్యాంకు నిండింది తెల్వదా?" పొడుగ్గా, సన్నగా ఉంది. భర్త లేడు, పిల్లలు లేరు. ఆ గదుల అద్దె మీదే బతుకు. పని చెప్పగానే ముందు చాయ్ పెట్టింది. మా కాఫీ గ్లాసులో సగం కూడా ఉండదు ఆ కప్పు, కానీ చక్కెర మాత్రం మా గ్లాసుకు సరిపడా.

"బండలను ఏం తీస్తవు బిడ్డా? అవెక్కడికి పోతయి?" అని నవ్వి, వెంటనే తనే, "లేదు లే, అవి గూడ పోతున్నయి. తియ్యి," అంది.

చీర కుచ్చిళ్లు పైకి దోపుకుని నాకంటే చురుగ్గా ఎక్కింది. మధ్యలో నా చెప్పు ఉంగరం తెగితే, తన చెప్పులు విప్పి ఇచ్చి వట్టి కాళ్లతో నడిచింది. ఎంత వద్దన్నా వినలేదు. చెరువు కనిపించే చోట ఏటవాలుగా ఒక పెద్ద బండ ఉంది. మధ్యలో చార నున్నగా మెరుస్తోంది.

"జారుబండ. మా చిన్నప్పుడు దినాం ఇక్కడనే. నేను ముందల, అది నా నడుము పట్టుకుని ఎనక. లంగాలు చినుగుతుండె. అవ్వ కొడుతుండె."

ఇక్కడ అవ్వంటే అమ్మే. 'అది' ఎవరని నేను అడగలేదు.

ఆవిడ బండ మీద కూర్చుని చాలాసేపు మాట్లాడింది. మబ్బు వస్తూ పోతూ ఉంది. వెలుగు దొరికినప్పుడల్లా నేను అటూ ఇటూ పరుగెడుతున్నాను. మధ్యమధ్యలో "అవునా పెద్దమ్మా" అంటున్నాను. పని అయ్యాక తీసినవి చూపిద్దామని పక్కన కూర్చుని కెమెరా తెరమీద ఒక్కొక్కటీ జరిపాను. ఒకటి ఎక్కువ జరిపాను. నిన్నటి ఫోటో వచ్చింది. గొడుగు కింద అనసూయ.

చంద్రమ్మ కెమెరా నా చేతుల్లోంచి తీసుకుంది. ఎంతసేపటికీ ఇవ్వలేదు.

"ఎంత చిక్కిపోయింది," అంది. బొటనవేలితో తెర మీద నెమ్మదిగా రుద్దింది. "చెంప మీద పిండి గూడ తుడ్చుకోలే."

"మీ చెల్లెలు మిమ్మల్ని అడిగిందండీ," అన్నాను. చెప్పొద్దన్నది మరిచిపోయి కాదు. ఆ వేలు చూశాక దాచడం చేతకాలేదు.

"అవ్వ పోయిన దినం రాలే అది," అంది చంద్రమ్మ, చెరువు వైపు చూస్తూ. "కబురు పంపిన. పొద్దంతా చూసిన. మట్టిల పెట్టినంక వచ్చింది. నిజాంపేట హాస్టల్‌ల వంట చేస్తుండె అప్పుడు. వంట ఉండెనట, వంట. తలుపేసిన. మళ్ల తియ్యలే."

"ఏమైనా చెప్తారా? వీడియో తీసి ఆవిడకు చూపిస్తాను."

"డబ్బాతోని ఏం మాట్లాడుత బిడ్డా? దాన్నే రమ్మను. ముఖం చూసి అడగాల్సింది ఒకటుంది."

"ఏమిటది?"

"అది మా ఇద్దరిది," అని లేచింది. వేరే చెప్పులు కొనుక్కునేదాకా తన చెప్పులు తిరిగి తీసుకోలేదు.

మళ్లీ రొట్టెల బండి దగ్గర

సాయంత్రం తిన్నగా అనసూయ దగ్గరకు వెళ్లాను. చెంప మీద పిండి మాట చెప్పగానే ఆమె చెయ్యి చెంప మీదికి వెళ్లింది. అవ్వ పోయిన రోజు రాలేదన్న మాటా, దాన్నే రమ్మను అన్న మాటా చెప్పాను. బండి దగ్గర నలుగురు నిలబడి ఉన్నా పొయ్యి తగ్గించి స్టూలు మీద కూర్చుండిపోయింది.

"ఫోను వార్డెను దగ్గర ఉండె," అంది కొంచెం తేరుకున్నాక. "కబురు పొద్దుగాలనే వచ్చిందట. నేను పోతే పిల్లలకు అన్నం ఎవరు పెట్టాలె అని, అందరు తిన్నంక చెప్పింది. ఉరికిన. ఆటోల ఏడ్చుకుంట పోయిన. మన్ను కప్పి ఉంది."

"ఈ మాట అక్కకు తెలియదా?"

"తలుపేసింది గద. నాకు పౌరుషమొచ్చింది. తెలిసి రాలేదని ఎట్ల అనుకుంది నన్ను? ఇగ నేను గూడ కొట్టలే తలుపు. నా మనవరాలు అప్పుడు పుట్టలే. ఇప్పుడు బడికి పోతుంది." కొంగుతో ముఖం తుడుచుకుని లేచింది. "రేపే పోదాం. నువ్వు నా ఎంబడి రావాలె. కొత్త మనిషి ముందల తలుపెయ్యది మా అక్క. మర్యాద గల మనిషి."

వస్తానన్నాను. గదికి చేరకముందే అద్దాల కంపెనీ నుంచి ఫోను. అన్ని ఫోటోల్లోనూ అద్దంలో నేనూ, నా స్టాండూ, నా ఎర్ర సంచీ కనబడుతున్నామట. రేపు మధ్యాహ్నం మళ్లీ తీసి తీరాలట. పొద్దున నిజాంపేట పని ముందే ఒప్పుకున్నది. అనసూయకు ఫోను చేసి, ఒక్క రోజు ఆగుదామా, లేకపోతే మీరు వెళ్తారా అని అడిగాను.

"ఫికర్ చెయ్యకు. ఇన్నేండ్లు ఆగినం, ఒక్క దినం ఆగలేమా?" అంది. ఆ గొంతులో ఉత్సాహం విని నాకూ హాయిగా అనిపించింది. అన్నం తిని పడుకున్నాను.

నిజాంపేట

నిజాంపేటలో గోడ ఖాళీగా దొరికితే చాలు, హాస్టలు బోర్డు పెట్టేస్తారు. అబ్బాయిలకు, అమ్మాయిలకు, ఉద్యోగం చేసేవాళ్లకు, ఉద్యోగం వెతుక్కునేవాళ్లకు. అన్నిటి మీదా 'ఆంధ్రా భోజనం' అని రాసి ఉంటుంది. నేను వెళ్లిన అమ్మాయిల హాస్టల్లో అమలాపురం పిల్ల ఒకతి నా 'అండి' విని పరుగెత్తుకొచ్చింది. "అక్కా, ఇక్కడ పులుసులో బెల్లం వేయరు!" అని ఫిర్యాదు చేసింది, నేనేదో చేయగలిగినట్టు.

వంటావిడ గంగాళంలో టమాటా పప్పు కలుపుతోంది. గరిటెతో కాదు, నిలబడి రెండు చేతులా పట్టుకున్న తెడ్డుతో. వీడియో తీస్తూ, మధ్యలో ఇంటి నుంచి అర్జెంటు కబురొస్తే ఎలా అని అడిగాను.

"ఎట్ల పోతం మేడం? మా చిన్నోడు బండి మీదికెల్లి కింద పడ్డడని ఫోనొచ్చింది ఒకసారి. అన్నం వార్చినంకనే పోయిన. వార్చుకుంట ఏడ్చిన. గంజిల నీళ్లు ఎవరికి కనపడతయి?"

ఆ మాట విన్నప్పుడు నాకు కలిగిన సంతోషం తలచుకుంటే ఇప్పుడు సిగ్గేస్తుంది. ఈ ముక్క చంద్రమ్మకు చూపిస్తే చాలు, అంతా సర్దుకుంటుందనుకున్నాను. వెబ్‌సైటు వాళ్లకు పంపక ముందే దాన్ని వేరుగా దాచుకున్నాను. మధ్యాహ్నం మళ్లీ హైటెక్ సిటీ వెళ్లి, నల్ల గుడ్డ కప్పుకుని, నా నీడైనా పడకుండా అద్దాలన్నీ తీశాను. కంపెనీ వాళ్లు బాగున్నాయన్నారు.

మూసిన తలుపు

తరవాతి రోజు అనసూయ బండి పెట్టలేదు. కొత్త చీర కట్టుకుంది. గిన్నెలో అక్కకు ఇష్టమని సర్వపిండి తెచ్చింది. బియ్యప్పిండిలో నువ్వులు, పల్లీలు వేసి గిన్నెకే అంటించి కాల్చే రొట్టె అది. మాకు తెలియని వంట. ఆటోలో దారంతా ఒకటే మాట్లాడింది. ఖాజాగూడ మలుపు తిరగ్గానే కొంగు సర్దుకోవడం మొదలుపెట్టింది.

తలుపుకు తాళం వేసి ఉంది.

మేడ మీది కుర్రాడొకడు ఆఫీసుకు బయల్దేరుతూ మమ్మల్ని చూసి ఆగాడు. "ఆంటీ నిన్న సాయంత్రం పడిపోయారండీ. నీళ్లు పడుతూ. మేమే ఆసుపత్రిలో చేర్చాం. పక్షవాతం అన్నారు."

అనసూయ గిన్నె నా చేతికిచ్చి గుమ్మం మీద కూర్చుంది. ఏడవలేదు. తాళాన్ని ఒకసారి చేత్తో పట్టుకుని చూసింది. "పా, దవాఖానకు పోదాం," అంది.

దవాఖాన

సర్కారు దవాఖాన వార్డులో చంద్రమ్మ కిటికీ పక్క మంచం మీద ఉంది. కుడివైపు మొత్తం పడిపోయింది. నోరు ఒక పక్కకు జారింది. చెల్లెల్ని చూడగానే ఆమె గొంతులోంచి శబ్దం వచ్చింది. అది మాట కాలేదు. మళ్లీ ప్రయత్నించింది. మళ్లీ అదే శబ్దం. నుదుట చెమట పట్టింది.

"వద్దక్కా, వద్దు. తర్వాత చెప్పు," అంటూ అనసూయ ఆమె ఎడమ చెయ్యి పట్టుకుంది. ఇక ఆగలేదు. వార్డెను, ఫోను, పిల్లల అన్నం, ఆటో, మన్ను, అన్నీ చెప్పింది. పక్క మంచాల వాళ్లు వింటున్నారన్న స్పృహ కూడా లేదు. చంద్రమ్మ కళ్లు చెల్లెలి ముఖం మీది నుంచి కదల్లేదు. కన్నీళ్లు చెవుల్లోకి కారుతుంటే అనసూయ తుడిచింది. అది విని కరిగిందో, చెప్పలేక ఏడ్చిందో చూసేవాళ్లకు తెలియదు.

నా దగ్గర నిజాంపేట వీడియో ఉంది. బయటికి తీయలేదు. దానితో ఇక పని లేదు. కెమెరా సంచీ జిప్పు కూడా తెరవలేదు.

డాక్టరు వచ్చి మమ్మల్ని బయట నిలబడమన్నాడు. వరండాలో అనసూయ నా మణికట్టు పట్టుకుంది.

"నీతోని మాట్లాడింది గద బిడ్డా. బండ మీద. ఏమేం మాట్లాడింది? ఒక్కటి ఇడువకుంట చెప్పు."

చెప్పాను. నడుము పట్టుకుని జారడం చెప్పాను. లంగాలు, అవ్వ కొట్టడం చెప్పాను.

"ఇంకా?"

ముఖం చూసి అడగాల్సింది ఒకటుందన్న మాట చెప్పాను.

"ఏందట? ఎందుకు రాలేదని గావొచ్చు. గదేనా?"

"చెప్పలేదక్కా. మీ ఇద్దరిదీ అంది."

"మరి అంతసేపు ఏం మాట్లాడింది?"

నాకు గుర్తున్నది మబ్బు. చెరువు మీద వెలుగు. ఆవిడ తల మీదుగా వెనక క్రేను రాకుండా నేను ఎన్నిసార్లు జరిగానో అది గుర్తుంది. ఆవిడ చెయ్యి ఆడించి ఏదో చెప్తున్నప్పుడు తీసిన ఫోటో ఉంది, చాలా బాగా వచ్చింది. పెదవులు విడివడి ఉన్నాయి. ఆ పెదవులు ఏం పలికాయో నాకు తెలియదు. చెల్లెలి గురించేనేమో. కాదేమో.

"నేను సరిగ్గా వినలేదక్కా," అన్నాను.

ఆమె తిట్టి ఉంటే బాగుండేది. మణికట్టు వదిలేసి, "పనిల ఉన్నవు గద. ఎట్ల వింటవు," అంది. ఇలాగే పనిలో ఉండిపోయినందుకే తన ముఖాన ఒకరు తలుపేశారని ఆమెకు ఆ క్షణాన తోచిందో లేదో నాకు తెలియదు. నాకు తోచింది.

హఫీజ్‌పేట్

చివరి రోజు పొద్దున్నే స్టేషన్లో పని. వచ్చే రైలు, పోయే రైలు, పరుగెత్తే కార్డుల జనం. ఒక చోట ఇద్దరు ఆడపిల్లలు బల్ల మీద కూర్చుని ఒకే డబ్బాలోంచి ఉప్మా తింటూ గొడవ పడుతున్నారు. కెమెరా ఎత్తబోయి దించి, ముందు దగ్గరకెళ్లి విన్నాను. ఎవరి దువ్వెన ఎవరు విరగ్గొట్టారన్న గొడవ అది. రైలొచ్చింది, ఎక్కిపోయారు. ఫోటో లేదు. వెబ్‌సైటు వాళ్లు అడిగినదానికంటే నా దగ్గర ఒకటి తక్కువైంది, వాళ్లేమీ అనలేదు.

కాకినాడ రైలెక్కేముందు దవాఖానకు వెళ్లాను. చంద్రమ్మ నిద్రపోతోంది. అనసూయ మంచం కింద చాప పరుచుకుని ఉంది. బండి సంగతి అడిగితే, "రొట్టెలు యాడికి పోతయి?" అంది.

ఖాజాగూడ బండల కథనం మాసపత్రికలో వచ్చింది. జారుబండ ఫోటో పెద్దగా వేశారు. చంద్రమ్మ ఉన్న ఫోటో వాళ్లకు ఇవ్వలేదు. దాన్ని అచ్చు తీయించి అనసూయకు పంపాను. అందిందని నిన్న ఫోను చేసింది.

అక్కను తన ఇంటికే తెచ్చుకుందట. ఎడమ చేత్తో తింటోందట, కర్ర పట్టుకుని గుమ్మందాకా నడుస్తోందట. మాట మాత్రం రాలేదు.

"నేనే రెండు దిక్కుల మాట్లాడుత," అంది అనసూయ. "నా మాట నేనంట, అక్క మాట గూడ నేనే అంట. నేను తప్పంటే నా చేతి మీద కొడ్తది. ఎందుకు రాలేదే అని అక్క అడిగినట్టే అడిగిన. కొట్టింది. అది కాదంట బిడ్డా. అది కానే కాదంట! మరి ఇంకేం అడగాలనుకుంది? దినాం ఒక్కటి అడిగి చూస్త. అవ్వ చెవుల కమ్మలు యాడున్నయే? కొట్టింది. నన్ను మరిచిపోయినవా? కొట్టింది. నాకేం తోచకపోతే నిన్న, తిన్నవానే అని అడిగిన."

"కొట్టిందా?"

"కొట్టలే. చెయ్యి పట్టుకుంది." ఫోన్లో ముక్కు చీదిన చప్పుడు. "గదే అడగాలనుకుందో, అక్కకే ఆకలైందో నాకు తెల్వదు బిడ్డా. లేచి అన్నం పెట్టిన."